కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మా ఊరి మీదుగా పోతోంది: ఓరుగల్లు చుట్టుపక్కల రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

నాగపూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు (పాత రోడ్డు వెడల్పు కాదు, పొలాల్లోంచి కొత్తగా వేసేది) మాట మొదలైనప్పటి నుంచి మా ఇంటికి కాగితాలు పట్టుకొని వచ్చేవాళ్లు ఆగలేదు. ఫోన్ తీస్తే వాట్సాప్‌లో సగం నోటీసుల ఫొటోలే. మా సొంత చెలకలో 27 గుంటలు పోయినప్పుడు నేర్చుకున్నది కొంత, ఆ తర్వాత పక్క ఊళ్ల వాళ్లకు దరఖాస్తులు రాసిపెడుతూ తెలుసుకున్నది కొంత ఇక్కడ రాస్తున్నాను. నేను వకీలును కాను. కోర్టు దాకా పోయే విషయమైతే వకీలును కలవండి. మీ ఊరు ఏ దశలో ఉందో ఆ భాగం చదివితే చాలు.

## రాళ్లు పాతుతున్నప్పుడు

మా చేనులో ఎవరో వచ్చి పసుపు రాయి పాతి పోయారు. భూమి పోయినట్టేనా?

కాదు. ఆ రాయి డీపీఆర్ (ప్రాజెక్టు వివరాల నివేదిక) కోసం చేసే సర్వే గుర్తు. ఈ దశలో రెండు మూడు లైన్లు గీసి ఖర్చు, వంతెనలు, అడవి, ఇళ్లు లెక్కేసి చూస్తారు. పక్క ఊరిలో రాళ్లు పాతాక లైను మారిన సందర్భాలున్నాయి. జాతీయ రహదారుల చట్టం 1956 ప్రకారం, 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోవాలనుకుంటున్నామన్న గెజిట్ ప్రకటన) వచ్చాకే భూమిలో దిగి సర్వే చేసే హక్కు అధికారులకు వస్తుంది. అంతకుముందు వచ్చేవాళ్లు మిమ్మల్ని అడిగి దిగాలి. మర్యాదగా ఏ ఆఫీసు నుంచి వచ్చారో అడిగి, పేరు రాసుకోండి.

రాయిని మాత్రం పీకేయకండి. కోపంలో చాలామంది చేసే పని అదే. పీకినా లైను కంప్యూటర్లో ఉంటుంది, మీ మీద కేసు మాత్రం మిగులుతుంది. దానికంటే రాయి ఫొటో తీసి, మీ గెట్టు నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉందో టేపు పెట్టి కొలిచి రాసుకోండి. తర్వాత నోటీసులో వచ్చే విస్తీర్ణంతో పోల్చుకోవడానికి అదే పనికొస్తుంది.

ఇంతకీ ఇది ఏ రోడ్డు? ఎక్కడి నుంచి ఎక్కడికి?

నంబరు ఎన్‌హెచ్-163జీ. మంచిర్యాల నుంచి పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి, హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల మీదుగా విజయవాడ వైపు పోతుంది. మంచిర్యాల–వరంగల్ ముక్క 108 కిలోమీటర్లు. దానికి ప్రధాని 2023 జులై 8న వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. వరంగల్–ఖమ్మం ముక్క కూడా 108 కిలోమీటర్లే, ఖమ్మం–విజయవాడ 90. ఆ రెండింటికీ అదే ఏడాది అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో శంకుస్థాపన జరిగింది. నాలుగు లేన్లు, పూర్తిగా యాక్సెస్ కంట్రోల్డ్, అంటే కొన్ని చోట్ల మాత్రమే ఎక్కి దిగే రోడ్డు. కరీంనగర్–వరంగల్ రోడ్డును నాలుగు లేన్లు చేసే పని వేరే ప్రాజెక్టు, దాని నంబరు ఎన్‌హెచ్-563. మా ఊళ్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేసి ఒకదాని నోటీసుకు ఇంకోదాని పేరుతో దరఖాస్తు పెట్టారు. నోటీసులో రోడ్డు నంబరు చూసి రాయండి.

ఉన్న రోడ్డునే వెడల్పు చేయొచ్చు కదా, మా పొలాల్లోంచి ఎందుకు?

అధికారులు చెప్పే కారణాలు మూడు. పాత రోడ్డు ఊళ్ల మధ్య నుంచి పోతుంది, ఇళ్లూ దుకాణాలూ కూలగొట్టాలి. అడుగడుక్కీ మనుషులూ బండ్లూ ఎక్కే రోడ్డు మీద వంద దాటి వేగం కుదరదు. తిన్నగా కొత్త లైను గీస్తే దూరం తగ్గుతుంది, మంచిర్యాల–వరంగల్ మధ్య దాదాపు 34 కిలోమీటర్లు తగ్గుతుందని ప్రకటించారు. ఈ మూడూ నిజమే. నాకు తోచిన నాలుగో కారణం, పైకి చెప్పనిది: రోడ్డు పక్క జాగ కంటే చెలక భూమి చౌక. 45 మీటర్ల వెడల్పు తీసుకుంటే కిలోమీటరుకు 11 ఎకరాలు, 60 మీటర్లయితే దాదాపు 15 ఎకరాలు పోతాయి. అంత జాగ పాత రోడ్డు పక్కన కొనాలంటే లెక్క వేరు. ప్రత్యామ్నాయాల పోలిక డీపీఆర్‌లో ఉంటుంది. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

లైను జరపమని అడగొచ్చా? అడిగితే వింటారా?

అడగాల్సిన సమయం ఇదే. గెజిట్ వచ్చాక లైను మారడం చాలా అరుదు. ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల సంస్థ) ప్రాజెక్టు డైరెక్టరుకు, కలెక్టరుకు రెండు కాపీలు పెట్టండి. గ్రామ పంచాయతీ తీర్మానం జతచేస్తే బరువు వస్తుంది.

ఒక్క సంగతి ముందే అర్థం చేసుకోవాలి. వంద కిలోమీటర్ల వేగానికి కట్టే రోడ్డును ఎక్కడ పడితే అక్కడ తిప్పలేరు. ఒక చోట 50 మీటర్లు జరిపితే, ఆ వంపు సర్దుకోవడానికి ముందూ వెనకా కిలోమీటరు దాకా లైను కదులుతుంది. అంటే మీ చేను తప్పితే ఇంకొకరి చేను పడుతుంది. అందుకే ‘మా భూమి పోతోంది, జరపండి’ అన్న కాగితం పక్కన పడేస్తారు. ‘ఈ లైను ఫలానా సర్వే నంబరులోని చెరువు శిఖం (నీళ్లు నిలిచే భూమి) మీదుగా పోతోంది, తూర్పుకు జరిపితే ప్రభుత్వ గుట్ట భూమి ఉంది’ అని గ్రామ నక్షా (పటం) మీద గీసి ఇస్తే కనీసం చదువుతారు. నేను చూసిన వాటిలో చెరువు, శ్మశానం, బడి, తాగునీటి బాయి పేరు చెప్పి అడిగినవే కదిలాయి.

ఇప్పుడే సరిచేసుకోవాల్సిన రికార్డులు ఏవి?

పరిహారం కాగితం మీద పేరున్నవాళ్లకే వస్తుంది. నాన్న చనిపోయి పదేళ్లయినా విరాసత్ (వారసుల పేరుకు మార్పు) చేయించుకోనివాళ్లు, అన్నదమ్ములు పంచుకొని దున్నుతున్నా పాసుబుక్కు ఒక్కరి పేరునే ఉన్నవాళ్లు, పాసుబుక్కులో విస్తీర్ణం తక్కువ పడ్డవాళ్లు ముందు తహసీల్దార్ ఆఫీసుకు పోండి. భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది, దిద్దుబాటుకు అందులోనే దరఖాస్తు పెట్టాలి. మా 27 గుంటల్లో 6 గుంటలు పక్క సర్వే నంబరు కింద పడ్డాయి. ఫర్వాలేదు, తర్వాత చూద్దామని ఒక ఆఫీసులో చెప్పిన మాట నమ్మి ఊరుకున్నాను. ఆ 6 గుంటల డబ్బు కోసం రెండేళ్లు తిరిగాను.

## పేపర్లో నోటీసు వచ్చినప్పుడు

‘చిన్న 3ఏ వచ్చింది, పెద్ద 3ఏ రాలేదు’ అంటున్నారు. ఏంటివి?

చిన్న 3ఏ అంటే భూసేకరణ అధికారి ఎవరో చెప్పే ఉత్తర్వు. మన దగ్గర ఎక్కువగా ఆర్డీఓనో అదనపు కలెక్టరో ఉంటారు. పెద్ద 3ఏ, అంటే ‘త్రీ క్యాపిటల్ ఏ’, ఫలానా సర్వే నంబర్లలో ఇంత భూమి తీసుకోవాలనుకుంటున్నాం అని కేంద్రం గెజిట్‌లో వేసే ప్రకటన. అభ్యంతరాలు విన్నాక 3డీ వస్తుంది. 3డీ వచ్చిన రోజు నుంచి కాగితం మీద ఆ భూమి కేంద్ర ప్రభుత్వానిది. 3జీ దగ్గర డబ్బు లెక్క తేలుతుంది. ఊళ్లో ఎవరైనా ‘నోటీసు వచ్చింది’ అంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ నోటీసు?

నాకు ఇంటికి ఏ కాగితమూ రాలేదు. పేపర్లో వేస్తే సరిపోతుందా?

3ఏ దశలో చట్టం ప్రకారం సరిపోతుంది. గెజిట్‌లో వేసి, దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో వేస్తే చాలు. ఇంటింటికీ పంపాలన్న నియమం లేదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. చీమంత అక్షరాల్లో నాలుగు కాలమ్‌ల సర్వే నంబర్లు, అదీ ఒక్క రోజే. మా కాకయ్యకు ఆ సంగతి కిరాణా కొట్టులో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితం మీద తెలిసింది. అప్పటికి పద్దెనిమిది రోజులు గడిచిపోయాయి. ఊళ్లో చదువుకున్న పిల్లలెవరినైనా కేంద్ర గెజిట్ వెబ్‌సైటును వారానికోసారి చూడమనండి.

21 రోజుల్లో అభ్యంతరం అంటున్నారు. ఏం రాయాలి?

గడువు గెజిట్‌లో వేసిన తేదీ నుంచి లెక్కపెట్టుకోండి. పేపర్ తేదీ నుంచి అని కొందరు చెబుతారు, దాని మీద ఆధారపడొద్దు. రాతపూర్వకంగా, కారణాలతో ఇవ్వాలి. ఈ దశలో అడిగేది భూమిని ఆ పనికి వాడుకోవడం మీద అభ్యంతరమే. ‘ఎకరానికి ఇంత రేటు ఇవ్వాలి’ అన్న మాటకు ఇక్కడ చోటు లేదు, దానికి వేరే దశ ఉంది. అయినా వచ్చే దరఖాస్తుల్లో పదింట తొమ్మిది రేటు గురించే ఉంటాయి, ఒకే వాక్యంతో తిరస్కరిస్తారు.

కారణాలు ఇలా ఉంటే బాగుంటుంది: ‘నా సర్వే నంబరులో 3 ఎకరాలకు ఉన్న ఒకే బాయి లైనులో పోతోంది, మిగిలిన భూమికి నీరు ఉండదు.’ ‘నోటీసులో 32 గుంటలు చూపారు, క్షేత్రంలో హద్దు రాళ్ల మధ్య 20 గుంటలే ఉంది, నక్షా జతచేశాను.’ ‘ఈ సర్వే నంబరు మీదుగా 40 ఇళ్ల వాళ్లు పొలాలకు పోయే బండ్ల బాట ఉంది.’ చివర్లో ‘నన్ను స్వయంగా వినాలని కోరుతున్నాను’ అని తప్పకుండా రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ‘ముద్ర లేదు, రేపు రండి’ అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ముద్ర లేని కాగితం ఇచ్చినట్టు లెక్క కాదు.

హియరింగ్‌కు పిలిచారు. పోతే ఒప్పుకున్నట్టు అవుతుందా?

కాదు. పోకపోతేనే ‘అభ్యంతరదారు హాజరు కాలేదు’ అని రాసి మూసేస్తారు. మీరే మాట్లాడొచ్చు, వకీలును పంపొచ్చు. హాజరు పట్టీలో సంతకం పెట్టేముందు పైన ఏం రాసి ఉందో చదవండి. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. అధికారి మీ అభ్యంతరాన్ని అంగీకరిస్తూనో తిరస్కరిస్తూనో రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి, దాని కాపీ అడిగి తీసుకోండి. ఆ ఉత్తర్వే ఆఖరిది. ఆ తర్వాత దారి హైకోర్టులో రిట్ (అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్) మాత్రమే. వినకుండానే తిరస్కరించారని నిరూపించగలిగితే రిట్‌కు బలం ఉంటుంది.

ఊళ్లో 70 శాతం ఒప్పుకోకపోతే రోడ్డు ఆగుతుందట, నిజమేనా?

నిజం కాదు. 2013 భూసేకరణ చట్టంలో ఆ శాతాలున్న మాట వాస్తవమే, కానీ అవి ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకు 70, ప్రైవేటు కంపెనీలకు 80. జాతీయ రహదారుల భూసేకరణ వేరే చట్టం కింద జరుగుతుంది కాబట్టి ఆ సమ్మతి నియమమూ, సామాజిక ప్రభావ అంచనా నియమమూ దీనికి పట్టవు. ఆ చట్టంలోని పరిహారం, పునరావాసం లెక్కలు మాత్రం 2015 జనవరి 1 నుంచి వర్తిస్తున్నాయి. మీ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే సంగతి కొంత వేరు. 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించి తీరాలి. సంప్రదించడం అంటే అనుమతి తీసుకోవడం కాదు, కానీ ఆ గ్రామసభ అసలు జరిగిందా, రిజిస్టరులో ఎవరి సంతకాలున్నాయి అన్నది చూడండి.

3ఏ వచ్చి ఏడాది దాటింది. ఎవరూ రావడం లేదు. భూమి అమ్ముకోవచ్చా?

3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే ఆ 3ఏ రద్దయినట్టే. కోర్టు స్టే ఉన్న రోజులు ఆ లెక్కలోకి రావు. అయితే సంబరపడొద్దు, మళ్లీ కొత్త 3ఏ వేయొచ్చు, వేస్తారు కూడా. అమ్మకం సంగతికొస్తే కొనేవాడు ఎక్కడున్నాడు? లైను పడిందన్న మాట చాలు, బేరం సగానికి పడిపోతుంది. ‘పరిహారం నేను తెచ్చుకుంటా, నీకు ఇప్పుడే ఇంత ఇస్తా’ అంటూ వచ్చే మధ్యవర్తులతో జాగ్రత్త. పిల్ల పెళ్లి ఖర్చుకని అలా అమ్ముకొని ఏడ్చినవాళ్లను ఇద్దరిని చూశాను.

## ప్రజాభిప్రాయ సేకరణ

ఈ పర్యావరణ మీటింగులో భూమి రేటు అడగొచ్చా?

అడిగితే ఎవరూ నోరు మూయించరు, కానీ రేటు తేల్చే అధికారం ఆ వేదికకు లేదు. ఇది 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద కాలుష్య నియంత్రణ మండలి జరిపే విచారణ. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నీళ్లు, చెట్లు, దుమ్ము, శబ్దం, దారులు, బతుకుదెరువు, ఇవీ అక్కడ పనికొచ్చే విషయాలు. ఓటింగ్ ఉండదు. వందమంది వద్దన్నా, ఒక్కరే వచ్చినా విచారణ జరిగినట్టే. కోరం నియమం లేదు.

రిపోర్టు ఎక్కడ దొరుకుతుంది? అంతా ఇంగ్లిషులోనే ఉంటుందట.

ముసాయిదా రిపోర్టు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడటానికి పెట్టాలి. లోపలిది ఇంగ్లిషే, కానీ సారాంశం తెలుగులో ఉండటం తప్పనిసరి. లేకపోతే విచారణ రోజున మొదటి మాటగా అదే చెప్పి రికార్డు చేయించండి. చదవడానికి ఓపిక లేకపోతే మూడు చోట్ల చూడండి: మీ ఊరు దగ్గర కిలోమీటరు నంబరు, కల్వర్టుల పట్టిక, నీటి వనరుల పట్టిక. మీ చెరువు పేరు ఆ పట్టికలో లేకపోతే అదే మీ అభ్యంతరం.

మాట్లాడింది రాసుకుంటారా, ఊరికే తలూపుతారా?

మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరు ఏం అడిగారో రాసిన మినిట్స్‌ను జనానికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. ఇక్కడే మనవాళ్లు ఓడిపోతారు. షామియానా కింద పొద్దున పదింటి నుంచి కూర్చొని, నాయకులు మాట్లాడగానే భోజనాల దగ్గరికి లేచిపోతారు. మినిట్స్ చదివేటప్పటికి కుర్చీలే మిగులుతాయి. నేను కూర్చున్న ఒక విచారణలో ఒక అవ్వ తన చెరువు సంగతి ఐదు నిమిషాలు చెప్పింది. మినిట్స్‌లో అది ‘స్థానికులు నీటి సమస్యను ప్రస్తావించారు’ అయింది. ఆమె మనవడు లేచి ‘చెరువు పేరు రాయండి’ అని పట్టుబట్టాడు, రాశారు. పేరు రాసి ఉంటే, తర్వాత ఎన్‌హెచ్‌ఏఐ దానికి విడిగా జవాబు ఇవ్వాల్సి వస్తుంది. మైకు అందకపోతే రాసి ఇవ్వండి, అదీ రికార్డులోకి వస్తుంది.

ఏం అడిగితే నిజంగా పని అవుతుంది?

నీళ్లు. నా అనుభవంలో లైను మారడం అరుదు, రేటు కోర్టుల చుట్టూ తిరుగుతుంది, కానీ కల్వర్టు మాత్రం అడిగితే వస్తుంది. ఎందుకంటే అది రోడ్డు కట్టే కంపెనీకి కూడా అవసరమే.

మన ఓరుగల్లు నేల చెరువుల నేల. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు: పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే రోడ్డు కట్ట నాలుగైదు మీటర్ల ఎత్తున ఈ గొలుసుకు అడ్డంగా పడుతుంది. గోదావరి, మానేరు మీద పెద్ద వంతెనలు ఎలాగూ కడతారు. ఇబ్బంది పేరు లేని వాగులతో, ఏడాదికి పది రోజులు పారే ఒర్రెలతో. ఏప్రిల్‌లో సర్వేకు వచ్చిన ఇంజినీరుకు అవి దారిలాగే కనిపిస్తాయి.

2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచింది, జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. నీటికి దారి చాలకపోతే కట్ట నిలవదు, లేదా కట్టకు ఎగువన ఉన్న ఊరు నిలవదు. కాబట్టి అడగండి: కల్వర్టుల వెడల్పు ఏ ఏళ్ల వర్షపాతంతో లెక్కేశారు, 2023 వాన అందులో ఉందా? మా వాగు అత్యధిక వరద మట్టం ఎంత అనుకున్నారు? ఊరి గుడి గోడ మీద, బడి మెట్ల మీద ఆ ఏడాది నీటి మరక ఉంటే ఫొటో తీసి జతచేయండి. అంతకంటే పెద్ద సాక్ష్యం లేదు.

మత్తడి కాలువ, తూము కాలువ, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) ఉపకాలువ, దేవాదుల పైపులైను ఎక్కడెక్కడ లైనును దాటుతున్నాయో ఒక కాగితం మీద రాసి, నీటిపారుదల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సంతకం ఉంటే చేయించి ఇవ్వండి.

కట్టకు మొరం ఎక్కడి నుంచి తెస్తారు?

మన గుట్టల నుంచే, చెరువుల నుంచే. రోడ్ల కోసం మట్టి తవ్వడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. అందుకని ఏ గుట్టను తవ్వుతారు, దానికి అనుమతి ఉందా, టిప్పర్లు ఏ ఊరి రోడ్డు మీద తిరుగుతాయి, ఆ రోడ్డు పాడైతే ఎవరు వేస్తారు అని విచారణలోనే అడిగి రాయించుకోండి. చెరువు మట్టి తీస్తే పూడిక పోతుందని సంబరపడతాం గానీ, కట్ట పక్కనే లోతుగా తీస్తే కట్టకే ముప్పు.

## పరిహారం

ఎకరానికి ఎంత వస్తుంది?

ఒకే అంకె చెప్పేవాళ్లను నమ్మొద్దు. లెక్క ఇలా కడతారు. రిజిస్ట్రేషన్ శాఖ విలువ ఒకటి. గడిచిన మూడేళ్లలో మీ చుట్టుపక్కల జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం మాత్రమే తీసుకొని సగటు కడితే వచ్చేది ఇంకొకటి. వీటిలో ఎక్కువది మార్కెట్ విలువ. పల్లె భూమికి దాన్ని 1 నుంచి 2 మధ్య ఉండే గుణకంతో హెచ్చిస్తారు. దానికి బాయి, చెట్లు, కట్టడాల విలువ కలిపి, ఆ మొత్తానికి సమానంగా సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు డబ్బు) ఇస్తారు. ఇవి కాక మార్కెట్ విలువ మీద ఏటా 12 శాతం అదనం.

ఉదాహరణకు మార్కెట్ విలువ 10 లక్షలు, గుణకం 1.5 అనుకుంటే 15 లక్షలు, సొలేషియంతో 30 లక్షలు. సొలేషియం రహదారుల భూములకు కూడా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2019లో తర్సేమ్ సింగ్ కేసులో తేల్చింది.

మన దగ్గర చిక్కు ఏంటంటే, 25 లక్షలకు కొని 6 లక్షలకు రిజిస్ట్రేషన్ చేయించుకోవడం. మిగిల్చుకున్న స్టాంపు డ్యూటీ ఈ రోజు మొత్తం ఊరి నెత్తిన పడుతోంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మీ చుట్టుపక్కల ఎక్కువ ధర పలికిన డాక్యుమెంట్ల నకళ్లు తెచ్చి క్లెయిముకు జతచేయండి. 3ఏ తర్వాత చేసినవి లెక్కకు రావు.

బాయి, బోరు, మామిడి చెట్ల లెక్క ఎవరు వేస్తారు?

బాయి, బోరు, షెడ్డుకు ఇంజినీర్లు, పండ్ల చెట్లకు ఉద్యాన శాఖ, టేకుకు అటవీ శాఖ. వాళ్లు వచ్చిన రోజు పొలంలో ఉండండి. భూమిలో పూడ్చిన పైపులైను, డ్రిప్పు, పనిచేయని పాత బోరు కళ్లకు కనిపించవు, మీరే చూపించి రాయించాలి. పంచనామా చదివాకే సంతకం. ‘చెట్లు 12’ అని రాసి ఉంటే వయసు కూడా రాయించండి, నాలుగేళ్ల మామిడికీ పదిహేనేళ్ల మామిడికీ ధర ఒకటి కాదు.

సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం) మీద కొన్న భూమి. పైసలు ఎవరికొస్తాయి?

రికార్డులో పేరున్న పాత పట్టాదారుకు. ముప్పై ఏళ్లుగా మీరే దున్నుతున్నా సరే. అందుకే క్లెయిము నోటీసు రాగానే మీరు కూడా క్లెయిము వేయాలి: తెల్లకాగితం, పాత పహాణీలు (ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డులు), కరెంటు మీటరు బిల్లు, పక్క పొలాల వాళ్ల అఫిడవిట్లు. వాటా తగాదా ఉందని తేలితే అధికారి దాన్ని జిల్లా సివిల్ కోర్టుకు పంపాలి, అప్పుడు డబ్బు ఒక్కరి ఖాతాలోకి పోకుండా ఆగుతుంది. పాత పట్టాదారు మంచివాడైతే ఈలోపే కూర్చొని రాసుకోవడం మేలు. డబ్బు పడ్డాక మంచితనం సన్నబడుతుంది.

మాది లావణి పట్టా (సర్కారు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి). సర్కారు భూమే కదా అని తక్కువ ఇస్తారా?

ఇవ్వకూడదు. అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో మేకల పాండు కేసులో చెప్పింది. 2013 చట్టం కూడా అసైన్డ్ పట్టాదారును భూయజమానిగానే చూస్తుంది. షరతులు ఉల్లంఘించారని ఇప్పుడే హఠాత్తుగా నోటీసు వస్తే వకీలును కలవండి.

కౌలు రైతుకు ఏమీ రాదా?

భూమి విలువలో రాదు. మూడేళ్లుగా అదే బతుకుదెరువు అని చూపగలిగితే 2013 చట్టం కింద ప్రభావిత కుటుంబంగా పునరావాస సాయం అడగొచ్చు. ఇబ్బంది రుజువే, కౌలు కాగితం రాసిచ్చే యజమాని ఊరికొక్కడు కూడా దొరకడు. మార్కెట్ యార్డు తక్‌పట్టీలు (పంట అమ్మిన రసీదులు), ఎరువుల బిల్లులు దాచుకోండి.

డబ్బు తీసుకుంటే ఇక కొట్లాడే హక్కు పోతుందా?

పోదు. తీసుకునేటప్పుడే ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి ఇచ్చి, ఆర్బిట్రేటరు (పరిహారం తగువు తీర్చే అధికారి) దగ్గర ఎక్కువ కోసం దరఖాస్తు వేయండి. ఆర్బిట్రేటరును కేంద్రం నియమిస్తుంది, ఎక్కువగా జిల్లా అధికారే ఉంటారు. తీసుకునేదీ ప్రభుత్వమే, తగువు తీర్చేదీ ప్రభుత్వమేనా అని మీకు అనిపిస్తే, నాకూ అలాగే అనిపిస్తుంది. అక్కడ తేలకపోతే జిల్లా కోర్టు. ఆ గడువు మూడు నెలలే, ఇంకో 30 రోజులు కోర్టు దయ.

## భూమి అప్పగించేటప్పుడు, పని జరిగేటప్పుడు

పత్తి ఇంకా ఏరలేదు. ఆగుతారా?

డబ్బు జమ చేశాక నోటీసు ఇచ్చి 60 రోజులు గడువు ఇవ్వాలి. జమ చేయకుండా జేసీబీ దింపితే ఫొటో తీసి ఆ రోజే కలెక్టరుకు రాయండి. పంట చేలో ఉంటే దాని విలువ కట్టించుకోండి, లేదా ఏరుకునే దాకా తేదీ రాతపూర్వకంగా తీసుకోండి. సూపర్‌వైజరు నోటిమాట తర్వాతి షిఫ్టులో ఎవరికీ గుర్తుండదు.

పొలం రెండు ముక్కలైంది. అవతలి ముక్కకు ఎలా పోవాలి?

ఈ రోడ్డును అడ్డంగా దాటలేరు, రెండు పక్కలా కంచె వస్తుంది. అండర్‌పాస్ ఎక్కడుందో అక్కడికి చుట్టు తిరగాలి. అందులోంచి గడ్డి ట్రాక్టరు, వరికోత మిషన్ పడుతుందా అన్నది డ్రాయింగు దశలోనే అడగండి, పశువులకు కట్టిన దాంట్లో మిషన్ పట్టదు. ముక్కలైనందుకు వచ్చే నష్టాన్ని విడిగా లెక్కకట్టాలని 3జీ(7)లోనే ఉంది. బాయి ఒక పక్క, మడి ఒక పక్క పడితే కట్ట కింద పైపు వేసుకోవడానికి ముందే అడగండి. కట్ట లేచాక ఆ పైపు కోసం ఎన్ని ఆఫీసులు తిరగాలో చెప్పలేను. నడిచే దారి హక్కు పోయినవాళ్లకు కూడా ఆ భూమి విలువలో 10 శాతం లెక్కన ఇవ్వాలన్న నిబంధన ఉంది, చాలామందికి తెలియక అడగడం లేదు.

రోడ్డు మా చేను పక్కనే. మేము ఎక్కొచ్చా?

ఇంటర్‌ఛేంజ్ (వేరే రోడ్డుతో కలిపే కూడలి) ఉన్న చోటే ఎక్కాలి, దిగాలి. అది పదీ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. ఇలాంటి చాలా రోడ్ల మీద ట్రాక్టర్లకు, బైకులకు అనుమతి ఉండదు. రోడ్డు పక్క హోటల్ పెట్టుకుందామని మిగిలిన అరెకరం దాచుకుంటున్నవాళ్లు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి.

పోచమ్మ గుడి లైనులో పోతోంది. ఎవరిని అడగాలి?

కట్టడానికి విలువ కడతారు, కానీ అది ఎవరి పేరున అన్నదే తగువు. పంచాయతీ తీర్మానం చేసి పంచాయతీ ఖాతాకే అడగండి, ఒక్కరి ఖాతాకు వద్దు. కొత్త జాగ ముందే చూపించి, పాతది కదపడానికి తేదీ ఊరే పెట్టుకునేలా రాయించుకోండి. మా పక్క ఊళ్లో ఆషాఢం బోనాలు అయ్యేదాకా ఆపమని అడిగారు, కంపెనీ వాళ్లు సరే అన్నారు. బోనాలు ఎత్తిన మర్నాడు ఊరి పెద్దమనుషులే గద్దె రాళ్లు ఒక్కొక్కటి విప్పి, సున్నంతో నంబర్లు వేసుకొని ట్రాక్టరులో కొత్త జాగకు తీసుకుపోయారు. వేపచెట్టు మాత్రం పెకలించడానికి కుదరలేదు, దాని కొమ్మ నాటారు.